కనుమలో మూసిన కారు

భాకరాపేట దాటి కనుమలో దిగిన కాసేపటికే కారు రెండుసార్లు దగ్గింది. ఎదురుగా చిన్న ఎత్తు వచ్చింది. సగం ఎక్కి, ఆయాసం వచ్చిన ముసలివాడిలా ఆగిపోయింది.

డ్రైవరు గంగులప్ప స్టీరింగును అరచేత్తో కొట్టాడు.

"నమ్మి మోసపోతి. తడి బొగ్గు అంటగట్టినాడు నాకొడుకు. దీంట్లో గ్యాసు యాడ పుడతాది?"

"ఇప్పుడెట్లప్పా?" అన్నాడు పక్కన కూర్చున్న దామోదరం.

"ఎట్లేముంది? దిగి తోసుకుంటా తిరుపతికి పోదాం. పుణ్యమన్నా వస్తాది."

యుద్ధం వచ్చి పెట్రోలుకు కూపన్లు పెట్టినప్పటి నుంచి పీలేరులో తిరిగే బాడుగ కారు అదొక్కటే. కారు వెనక నిలువెత్తు ఇనుప పీపా బిగించి ఉంది. అందులో బొగ్గు రగులుతుంటే గ్యాసు పుడుతుంది. ఆ గ్యాసు కారు అడుగున ఉన్న గొట్టంలో ముందుకు పోయి ఇంజనుకు చేరుతుంది. వెనక సీటు కిందుగా ఉన్న గొట్టం అతుకుల దగ్గర గంగులప్ప బంకమన్ను మెత్తి గోనెగుడ్డ చుట్టాడు. భాకరాపేట దాకా వచ్చిన గుంతల రోడ్డుకు ఆ మన్ను ఎప్పుడో రాలిపోయింది. ఆ సంగతి అతనికి తెలియదు.

వెనక సీటులో దామోదరం తల్లి సుబ్బులమ్మ, భార్య చౌడేశ్వరి ఉన్నారు. సుబ్బులమ్మ ఒడిలో నాలుగేళ్ల తిప్పయ్య నిద్రపోతున్నాడు. పుట్టిన నాటి నుంచి వాడి జుట్టుకు కత్తెర తగల్లేదు. ఆడపిల్లకు అల్లినట్టు జడ అల్లి, చివర పసుపుగుడ్డ కట్టారు. ఆ జుట్టు తిరుమల కొండ మీద ఇవ్వడానికే ఈ ప్రయాణం.

వాడికి ముందు పుట్టిన ఇద్దరూ దక్కలేదు. అందుకే వీణ్ణి పుట్టగానే చేటలో పెట్టి పెంటతిప్ప మీద పడుకోబెట్టారు. ఎవరికీ అక్కర్లేని బిడ్డ అని మృత్యువును నమ్మించి, మళ్లీ ఇంటికి తెచ్చుకుని తిప్పయ్య అని పేరు పెట్టారు.

సుబ్బులమ్మ మొక్కు అంతకంటే గట్టిది. తెల్లవారి తలస్నానం చేసినప్పటి నుంచి అలిపిరిలో మొదటి మెట్టు తాకేదాకా నోరు విప్పనని మొక్కుకుంది. ఒక్క మాట దొర్లినా మొక్కు చెడినట్టే. రెండో బిడ్డకు జ్వరం వచ్చినప్పుడు కూడా ఆమె ఇలాగే మౌనం పట్టింది. బిడ్డ కళ్లు తేలేస్తే చౌడేశ్వరి పరుగెత్తుకెళ్లి అత్త భుజాలు పట్టి కుదిపేసింది. "అయ్యో నా తండ్రీ" అని సుబ్బులమ్మ నోరు జారింది. ఆ సాయంత్రమే బిడ్డ పోయాడు. మౌనం చెడగొట్టింది కోడలే అని ఇంట్లో ఎవరూ పైకి అనలేదు. అనాల్సిన పని లేకపోయింది. చౌడేశ్వరే అలా నమ్మింది.

గంగులప్ప దిగి వెనక్కి వెళ్లి పీపా మూత ఎత్తి చూశాడు. మొహం చిట్లించి మూత దించాడు.

"ఈ లోయలో చిన్నబ్బ అని ఒకడు బొగ్గుల బట్టీ పెట్టుకోని ఉండాడు. పోయి ఒక మూట ఎండుబొగ్గు తెస్తా. మీరు ఈడనే ఉండండి."

"ఎంతసేపు పడతాది?" అన్నాడు దామోదరం.

"బట్టీ తెరిచి ఉంటే ఇట్ల పోయి అట్ల వస్తా. లేదంటే వాని కాళ్లు పట్టుకునేంతసేపు."

గంగులప్ప తన పక్క తలుపుకు తాళం వేసి తాళంచెవి నడుముకున్న తాడుకు దోపుకున్నాడు. రెండడుగులు వేసి, ఏదో గుర్తొచ్చి, వెనక కిటికీ దగ్గరికి వచ్చాడు.

"అవ్వా, అద్దాలు దించి పెట్టుకో. ఇంజను ఆడేటప్పుడు గ్యాసంతా అదే పీల్చుకుంటాది. నిలిచినంక సందు దొరికిన కాడంతా దూరతాది. తల తిరుగుతాది."

సుబ్బులమ్మ తల ఊపింది.

తల తిరగడం ఒక్కటే కాదనీ, వాసన లేని ఆ గ్యాసు మనిషిని నిద్రలోనే చంపేస్తుందనీ గంగులప్ప చెప్పలేదు. పోయిన ఏడాది వాయల్పాడులో ఒక క్లీనరు షెడ్డులో పడుకుని లేవలేదు. గంగులప్పే మోసుకెళ్లి పూడ్చాడు. కానీ ఆ మాట బయటికి పొక్కితే బాడుగకు ఎవరెక్కుతారు? అతను లోయలోకి దిగిపోయాడు.

పొద్దు ఇంకా పడమటి కొండ మీదే ఉంది. గాలి వేడిగా కొడుతోంది. కూజాలో నీళ్లు అడుగంటాయి. రోడ్డుకు కింద వంక ఉందని దామోదరానికి తెలుసు. అతను కూజా తీసుకుని దిగాడు. చౌడేశ్వరి కూడా దిగింది.

"బిడ్డను నాకియ్యి అత్తా. మొహం కడిగించుకోని వస్తా" అంది.

సుబ్బులమ్మ మనవణ్ణి ఇంకా దగ్గరికి లాక్కుంది. చూపుడువేలు ఎత్తి చుట్టూ అడవిని చూపించింది. తర్వాత ఆ వేలు తిప్పయ్య జడ మీద పెట్టింది. ఆ సైగ చౌడేశ్వరికి ఇంట్లో రోజూ వినిపించే మాటే. కనుమల్లో దిక్కులేని చావు చచ్చినవాళ్లు గాలిలో తిరుగుతుంటారు, పుట్టువెంట్రుకల బిడ్డ కనిపిస్తే పట్టుకుంటారు.

"నిద్రపోయే బిడ్డను ఎండలో తిప్పేదెందుకుమే? రా" అన్నాడు దామోదరం.

వాళ్లు నాలుగడుగులు దిగగానే వెనక కిరకిరమని చప్పుడైంది. చౌడేశ్వరి తిరిగి చూసింది. సుబ్బులమ్మ పిడి తిప్పి అద్దం పైకెత్తుతోంది. ఇటు అద్దం అయింది, అటు అద్దం అయింది. ముందుకు వంగి ముందు అద్దాలు కూడా ఎత్తింది. తలుపుల పిడులు పైకి తిప్పి లోపలి నుంచి గడి వేసుకుంది. అద్దం సరిగ్గా కూర్చోని చోట మూటలోంచి గుడ్డపీలికలు తీసి కుక్కుతోంది.

"బావా, ఆ డ్రైవరు అద్దాలు దించమన్నాడు గదా?"

"ఎవురు సెప్తే వింటాది మాయమ్మ? తల తిరిగితే తనే దించుకుంటాది. రా."

చౌడేశ్వరి వచ్చింది.

వంక అనుకున్నంత దగ్గర్లో లేదు. ఉన్న నీళ్లు కూడా ఒక బండ కింద చారెడు. గుడ్డతో వడకట్టి, కూజా నిండేదాకా ఓపిక పట్టాల్సి వచ్చింది. తిరిగి పైకెక్కేసరికి ఇద్దరికీ రొప్పు వచ్చింది.

సుబ్బులమ్మ కిటికీకి తల ఆనించి కూర్చుని ఉంది. కళ్లు సగం మూసి ఉన్నాయి. చేతిలో తులసిమాల ఉంది. తిప్పయ్య ఒడిలో కనిపించలేదు. కింద సీట్ల మధ్య పడుకోబెట్టిందేమో అనుకుంది చౌడేశ్వరి. అద్దం మీద వేళ్లతో తట్టింది.

"అత్తా, నీళ్లు."

కదలిక లేదు.

మళ్లీ తట్టబోతే దామోదరం ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "ఉండు. జపంలో ఉన్నట్టుండాది. ఉలిక్కిపడి ఏమన్నా అనిందంటే ఇంకేముంది?"

చౌడేశ్వరి చెయ్యి దానంతటదే వెనక్కి వచ్చింది. రెండో బిడ్డ తేలేసిన కళ్లు ఆమెకు గుర్తొచ్చాయి. కూజా కింద పెట్టి కారు నీడలో కూర్చుంది.

అప్పుడు గట్టు మీద చప్పుడైంది. రోడ్డు పక్కన మనిషెత్తు చెదలపుట్ట ఉంది. దాని వెనక ఎవరో గడ్డపారతో తవ్వుతున్నట్టు మన్ను రాలుతోంది. గంగులప్ప వచ్చాడనుకుని దామోదరం పిలవబోయాడు. పుట్ట మీదుగా నల్లటి తల ఒకటి పైకి లేచింది. మూతి నిండా ఎర్రమన్ను.

"బావా..." చౌడేశ్వరి లేచి నిలబడింది. "ఎలుగ్గొడ్డు."

దామోదరం కారు తలుపు పిడి లాగాడు. రాలేదు. అటు తలుపు లాగాడు. రాలేదు. ఈసారి మొక్కు సంగతి మరిచి అరచేతులతో అద్దం బాదాడు.

"అమ్మా! తలుపు తియ్యి! ఎలుగుబంటి వస్తాంది, తలుపు తియ్యమ్మా!"

సుబ్బులమ్మ తియ్యలేదు.

ఎలుగుబంటి గట్టు దిగింది. తొందరేమీ లేనట్టు, ఊగుకుంటూ రోడ్డు మీదికి వచ్చింది. దామోదరం భార్య నడుము పట్టి ఇంజను మూత మీదికి ఎత్తాడు. ఇద్దరూ పాక్కుంటూ కారు టాపు మీదికి ఎక్కారు. ఎండకు రేకు పెనంలా కాలుతోంది. కింద కూజా పగిలిన చప్పుడైంది. ఎలుగుబంటి తడి మన్నును వాసన చూసింది. కారు చుట్టూ తిరిగి వెనక పీపా దగ్గరికి వెళ్లింది. మూతి తగిలించి, చురుక్కుమని కాబోలు, గుర్రుమంటూ వెనక్కి గెంతింది. మళ్లీ గట్టెక్కి పుట్ట పక్కన కూర్చుంది. అక్కడి నుంచి కదల్లేదు.

ఇద్దరూ టాపు మీద బోర్లా పడుకుని గుసగుసలాడారు.

"మీయమ్మకు నామీద కోపముంటే నన్ను తిననీ. కొడుకు నువ్వు. నువ్వన్నా అక్కర్లేదా?"

"ఊరుకోమే. మొక్కులో ఉండాది."

"మొక్కులో ఉంటే సెవులు కూడా మూసుకుంటారా?"

"వినింటాది. బయటికొస్తే మాట్లాడాల్సొస్తాదని ఓర్చుకోని కూర్చోనుండాది. నీ బిడ్డ కోసమే గదా ఇదంతా!"

చౌడేశ్వరి తల ఎత్తి మొగుడి వైపు చూసింది.

"తలుపు తీసేదానికి నోరెందుకు బావా? చెయ్యి సాలదా?"

దామోదరం గట్టు వైపు చూపు తిప్పాడు.

"పొద్దున్నించి సైగలతోనే గదా ఇల్లంతా తిప్పింది! ఉప్పు సాల్లేదని సైగ చేసింది. నా కొంగు జారిందని సైగ చేసింది. ఇప్పుడు ఒక్క చెయ్యి ఎత్తలేదా?"

"సౌడీ, కదలబాకు. అది సూస్తాంది."

ఆమె అప్పటికే కదిలింది. టాపు మీంచి ముందుకు జారి, తల కిందికి వంచి, ముందు అద్దంలోంచి లోపలికి చూసింది.

తిప్పయ్య వెనక లేడు. నిద్రలో లేచి ముందు సీటులోకి పాకి వచ్చినట్టున్నాడు. స్టీరింగు కింద, డ్రైవరు కాళ్లు పెట్టే చోట, ముడుచుకుని పడి ఉన్నాడు. మొహం బ్రేకు పక్కనున్న కంత దగ్గర ఆనించి ఉంది. బుగ్గలు ఎర్రగా ఉన్నాయి. జ్వరం లేని బిడ్డకు అంత ఎరుపు ఆమె ఎప్పుడూ చూడలేదు.

వెనక సుబ్బులమ్మ మొహం కూడా అదే ఎరుపు. ఆమె కంటికొసన ఒక ఈగ వాలి ఉంది. ఈగ కనురెప్ప మీదికి పాకింది. అక్కడి నుంచి తెరిచి ఉన్న కంటి మీదికి పాకింది. కన్ను ఆర్పలేదు.

చౌడేశ్వరి రోడ్డు మీదికి దూకింది.

"ఎక్కు! మే, పైకెక్కు!" దామోదరం అరుస్తూనే తనూ దూకాడు. గట్టు మీద ఎలుగుబంటి లేచి నిలబడింది.

ఆమె రోడ్డు పక్కన పేర్చిన రాళ్లలో ఒకటి రెండు చేతులా ఎత్తింది. ముందు తలుపు అద్దానికి గురిపెట్టింది. దామోదరం ఆమె మణికట్లు పట్టుకున్నాడు.

"నీకు పిచ్చి పట్టిందా? అద్దం పగిలితే అమ్మ కేక పెడతాది! మొక్కు పోతాది! ఆ పొద్దు అట్లనే సేస్తివి, బిడ్డ పాయె. వీణ్ణి కూడా..."

అతను ఎన్నాళ్లుగానో దాచుకున్న మాట అది. వచ్చేసింది. చౌడేశ్వరి మొహం మీద కొట్టినట్టు ఒక్క క్షణం ఆగింది.

"కేక పెట్టనీ బావా" అంది. "పెడితే సాలు నాకు."

మోచేత్తో అతని రొమ్ము మీద పొడిచి, రాయి విసిరింది. అద్దం బీటలిచ్చింది. మళ్లీ కొట్టింది. గాజు భళ్లున లోపలికి కూలింది. ఆ చప్పుడు లోయ మొత్తం తిరిగి వచ్చింది.

సుబ్బులమ్మ కేక పెట్టలేదు.

దామోదరానికి అప్పుడు అర్థమైంది.

చౌడేశ్వరి పగిలిన సందులో చెయ్యి పెట్టి గడి తిప్పి తలుపు తెరిచింది. లోపలికి వంగి తిప్పయ్య కాళ్లు అందుకుని లాగింది. రెండు గుక్కలు పీల్చేసరికి తల గిర్రున తిరిగింది. కణతల్లో సుత్తి పడ్డట్టయింది. డ్రైవరు చెప్పిన మాట అప్పుడు చెవిలో మోగింది. బిడ్డను రొమ్ముకు హత్తుకుని బయట పడింది. వాడి తల ఆమె చేతి మీంచి తడిబట్టలా వేలాడింది.

"లోపలికెక్కు! ఎక్కి తలుపేసుకో!" దామోదరం కేకలు వేశాడు. ఎలుగుబంటి గట్టు దిగుతోంది. ఈసారి ఊగడం లేదు. మెడ దించి సూటిగా వస్తోంది.

"లోపల గ్యాసు! లోపలికి పోతే సస్తాం!"

తలుపులున్న చోట గాలి లేదు. గాలి ఉన్న చోట ఎలుగుబంటి ఉంది. చౌడేశ్వరి రోడ్డు అంచుకు, గాలి గట్టిగా కొట్టే చోటికి పరుగెత్తింది. బిడ్డను బోర్లా తొడల మీద వేసుకుని వీపు చరిచింది. వెనక ఏమి జరుగుతోందో చూడలేదు.

దామోదరం అప్పటిదాకా ధైర్యవంతుడని ఎవరి దగ్గరా పేరు తెచ్చుకున్నవాడు కాదు. నూనె అంగట్లో కూర్చుని త్రాసు పట్టుకునే మనిషి. అతను పీపా దగ్గరికి వెళ్లి, బూడిద లాగే చిన్న తలుపు గొళ్లెం చేత్తోనే ఊడబీకాడు. పక్కన వేలాడే ఇనుపకొక్కెం లోపలికి దూర్చి బలంగా లాగాడు. ఎర్రటి నిప్పులు కుప్పగా రోడ్డు మీద పడ్డాయి. కొక్కెంతో నిప్పులు విసరడానికి కాలేదు. పారేసి, రెండు అరచేతులతో నిప్పులు దోసిలి పట్టి, ఎదురుగా వస్తున్న నల్లటి మొహం మీదికి విసిరాడు. మళ్లీ దోసిలి పట్టాడు. మళ్లీ విసిరాడు.

ఎలుగుబంటి మనిషిలా ఏడ్చింది. మూతి నేలకేసి రాచుకుని, వెనక్కి తిరిగి, అడవిలోకి కంపలు విరుచుకుంటూ పోయింది.

అతను అరచేతులు ఎలా ఉన్నాయో చూసుకోలేదు. తెరిచిన ముందు తలుపులోంచి వంగి, మోచేత్తో వెనక తలుపు గడి తిప్పి, తల్లిని బయటికి లాగాడు. రోడ్డు మీద పడుకోబెట్టి "అమ్మా" అన్నాడు. "అమ్మా, మాట్లాడు. ఫరవాలేదు, మాట్లాడు" అన్నాడు.

కేకలు విని గంగులప్ప, బట్టీ చిన్నబ్బ లోయలోంచి పరుగెత్తుకొచ్చారు. గంగులప్ప ముందు పగిలిన గాజు చూశాడు. తర్వాత మూసిన అద్దాలు చూశాడు. ఒక కిటికీ సందులో కుక్కిన చీరపీలిక లాగి చేతిలో పట్టుకున్నాడు.

"అద్దాలు ఎవురు ఎత్తినారు? దించమని సెప్పి పోతి గదా!"

"తల తిరుగుతాదని సెప్పినావు" అంది చౌడేశ్వరి తల తిప్పకుండానే. "సస్తారని సెప్పినావా?"

గంగులప్ప చేతిలోంచి పీలిక జారిపోయింది. "యాడన్నా సెప్తారామ్మా ఆ మాట..." అని గొణిగాడు.

చిన్నబ్బ వంగి తిప్పయ్య ముక్కు దగ్గర వేలు పెట్టాడు. "ఆడతాండాది. సన్నంగా ఆడతాండాది." అన్నాడు. "బ్రేకు కాడ కంతకు మూతి ఆనించుకోని పడుండె" అంది చౌడేశ్వరి. "అట్లయితే ఆ కంతలోంచి కింది గాలి తగిలి నిలిచినట్టుండాడు" అన్నాడు చిన్నబ్బ. సుబ్బులమ్మ దగ్గరికి వెళ్లి, ఆమె ముక్కు దగ్గర కూడా వేలు పెట్టి, తలగుడ్డ విప్పి పక్కన పెట్టాడు. దామోదరం అప్పుడు ఏడ్చాడు.

ఏడుపు మధ్యలో గంగులప్ప చౌడేశ్వరి పక్కకు వచ్చి గొంతుక్కూర్చున్నాడు.

"అమ్మా, సీటు కింద ఒక డబ్బాలో పెట్రోలు దాచి పెట్టుకోనుండా. దానికోసమే తలుపుకు బీగం వేసేది. కొంచిమే. కిందికైతే తిరుపతి దాకా వస్తాది. పైకైతే భాకరాపేట దాకా. రెంట్లో ఒకటే."

దామోదరం తల ఎత్తాడు. "భాకరాపేట. అమ్మను ఇంటికి సేర్చాల. ఆడ్నించి ఎద్దులబండి కడతా. భాకరాపేటలో ఆచారి ఉండాడు, బిడ్డకు మందిస్తాడు."

"తిరుపతికి" అంది చౌడేశ్వరి. "ఆస్పత్రికి."

"శవాన్ని పెట్టుకోని కొండ కిందికి పోతావా? నలుగురు ఏమంటారు? మైల పడిన ఇల్లు మనది ఇప్పుడు. మొక్కు కూడా లేదు, గుండూ లేదు. ఇంటికి పోవాల."

"మొక్కు కోసం కాదు నేను పోతాండేది."

"మే, మాయమ్మ నీ మేనత్త! ఎత్తి పెంచింది నిన్ను!"

"అవును. ఎత్తి పెంచింది." చౌడేశ్వరి బిడ్డను భుజాన వేసుకుని లేచింది. "అందుకే ఆయమ్మ కాడ నువ్వుండు. చిన్నబ్బా, మీ బట్టీ కాడ బండి ఉండాదా?"

"ఉండాదమ్మా. బొగ్గుల బండి. కడిగి, ఆకులు పరిచి తెస్తా."

"దాంట్లో తీస్కపొండి. భాకరాపేటలో ఆచారి ఉంటే ఈయన చేతులకు మందేయించు."

దామోదరం తన చేతుల వైపు చూసుకున్నాడు. అరచేతుల్లో తోలు లేదు. అవి ఎవరివో అన్నట్టు చూసి, ఒడిలో దాచుకున్నాడు. ఆమె వెళ్లి అతని ఎదుట నిలబడింది. ఏదో అనబోయింది. అద్దం ముందు అతనన్న మాట ఇద్దరి మధ్యా అలాగే నిలబడి ఉంది. అతను కూడా దాన్నే చూస్తున్నాడు.

"అది నేను అనాలని..." అన్నాడు.

"అనినావు బావా. పోనీలే. పొద్దు పోతాంది."

వంగి అత్త పాదాలు తాకింది. అవి ఇంకా వెచ్చగా ఉన్నాయి.

గంగులప్ప గొట్టం మార్చి పెట్రోలు పోసి బండి లేపాడు. దిగే అద్దాలన్నీ దించాడు. దిగని అద్దాన్ని హ్యాండిలుతో పగలగొట్టాడు. చౌడేశ్వరి ముందు సీటులో బిడ్డ మొహం కిటికీలోంచి వచ్చే గాలికి పెట్టి కూర్చుంది. మలుపు తిరిగేముందు వెనక్కి చూసింది. రోడ్డు మధ్యలో తల్లి తల ఒడిలో పెట్టుకుని మొగుడు ఒక్కడే ఉన్నాడు. చిన్నబ్బ బండి కోసం లోయలోకి పరుగెత్తుతున్నాడు. పక్కన నిప్పుల కుప్ప ఇంకా ఆరలేదు. ఎలుగుబంటి మళ్లీ వస్తే అతనికి ఉన్నదల్లా అదే.

"నిలపాల్నా అమ్మా?" అన్నాడు గంగులప్ప పక్కకు తిరిగి ఆమె మొహం చూసి.

"నిలపొద్దు."

కారు కొండ దిగింది. రంగంపేట పొలాలు కనిపించేదాకా తిప్పయ్య కదల్లేదు. ఆమె వాడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టి, ప్రతి ఊపిరీ చేత్తో తోస్తున్నట్టు కూర్చుంది. ఒకచోట ఊపిరి అందలేదు. ఆమె వాడి చెంప మీద గట్టిగా కొట్టింది. మళ్లీ కొట్టింది. వాడి ఒళ్లు ఒక్కసారి బిగుసుకుంది. నోట్లోంచి పచ్చగా ఏదో ఆమె చీర మీదికి భళుక్కున వచ్చింది. తర్వాత సన్నగా, గొంతు పూడుకుపోయినట్టు, ఏడుపు.

గంగులప్ప రోడ్డు మీంచి కళ్లు తిప్పకుండానే వెక్కాడు. "బతికినాడమ్మా. బతికినాడు."

"సూసి తోలు" అంది ఆమె.

తిప్పయ్య తల అటూ ఇటూ తిప్పాడు. వెనక సీటు ఖాళీగా ఉంది. సీటు మీద గాజుపెంకులు, తెగిన మాలలోంచి రాలిన తులసిపూసలు ఉన్నాయి.

"అవ్వ యాడ?"

చౌడేశ్వరి చీరకొంగుతో వాడి మూతి తుడిచింది.

"మీ నాయన కాడ ఉండాది" అంది.

ఎదురుగా చంద్రగిరి కోట మీద ఎండ ఎర్రబడుతోంది. పెట్రోలు ఎంత మిగిలిందో గంగులప్పకు తెలియదు. కారును వీలైనంత వేగంగా తోలుతున్నాడు.